కుంటకి నీళ్లు పెట్టే ముందు

చి. సౌ. అమ్మాజీకి,

పెదనాన్న ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు. నువ్వు పంపిన ఫొటోలు నాలుగూ చూశాను. మీ మామగారు తవ్వించిన అరెకరం కుంట ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోక ఒక పక్క తూటికాడ, ఇంకో పక్క గుర్రపుడెక్క కమ్మేసి, మధ్యలో మాత్రం కాసిని నీళ్లు కనిపిస్తున్నాయి. ఈ నెలాఖరుకి చేప పిల్ల వేసేద్దామనుకుంటున్నాం అని రాశావు. వద్దమ్మా. ఇది మార్చి. పిల్ల వేసేది ఆగస్టులో. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు, ఈ ఐదు నెలలకీ సరిపడా పని ఆ కుంటలోనే ఉంది.

నేను కొల్లేరు పక్కన నలభై ఏళ్లుగా చెరువులు చేస్తున్నాను. మొదటి ఏడాది సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ కుంట లాంటిదే అరెకరం కౌలుకి తీసుకున్నాను. ఎండబెట్టలేదు. నీళ్లుంటే చాలనుకుని, ఉన్న నీళ్ల మీదే కాలవ నీళ్లు వదిలి వెయ్యి పిల్ల వేశాను. తొమ్మిది నెలలు తవుడు పోశాను. పట్టుబడి రోజున వల లాగితే శీలావతులు, బొచ్చెలు అన్నీ కలిపి రెండు వందలు కూడా లేవు. వాటి మధ్య ముంజేయంత లావు కొర్రమీనులు ఎగిరెగిరి పడుతున్నాయి. మీ పెద్దమ్మ ఒకదాన్ని కోస్తే కడుపులో సగం అరిగిన మోసు చేప దొరికింది. నేను తొమ్మిది నెలలు మేపింది ఆ కొర్రమీనుల్నే. ఆ ఏడాది కౌలు కట్టడానికి మీ పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టాం. నీకు ఆ గతి పట్టకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి చూసుకోండి. పట్టా భూమే కదా అని ఊరుకోకండి. ఖమ్మంలో మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లి ఏమేం కావాలో అడిగి నమోదు చేయించుకోండి. 2006లో మా దగ్గర కొల్లేరు అభయారణ్యం హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచి కాగితం లేనిదే పలుగు పట్టను.

ఇక పని. ఏప్రిల్ మొదటి వారంలో ఇంజను పెట్టి నీళ్లు తోడించండి. తూటికాడ పైపైన కోస్తే లాభం లేదు. ముక్క ఎక్కడ పడితే అక్కడ వేరు పోసుకుంటుంది. వేళ్లతో పీకించి, గట్టు మీద వదలకుండా దూరంగా ఎండబెట్టి కాల్చేయండి. గుర్రపుడెక్కని పెంట కుప్పలో వేస్తే మంచి ఎరువవుతుంది. కలుపు మందు కొడితే సులువు అని ఎవరో ఒకరు చెబుతారు. చేప పెరగాల్సిన మట్టిలో ఆ మందు ఒక్క చుక్క పడటం కూడా నాకు ఇష్టం లేదు.

నీళ్లు పోయాక కుంటలోకి దిగి ఒక పార మట్టి ఎత్తి చూడు. పైన పలచటి గోధుమరంగు పొర ఉంటుంది. దాని కింద నల్లగా, కందెన లాగా వేళ్లకి అంటుకునే బురద ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఆకులు, కలుపు, పాచి ఇన్నేళ్లు గాలి తగలకుండా అడుగున కుళ్లగా పుట్టిన విషవాయువు అది. పైన నీళ్లు ఎంత తేటగా ఉన్నా, ఆ బురద అలాగే ఉంటే అడుగున తిరిగే చేపకి ఊపిరి ఆడదు. దానికి మందు ఎండ ఒక్కటే. నెర్రెలు రెండు మూడు అంగుళాల లోతు పడాలి. నువ్వు నడిస్తే పాదం దిగకూడదు. మళ్లీ పార వేసి చూస్తే నలుపు పోయి బూడిదరంగుకి తిరగాలి, వాసన పోవాలి. మీ సత్తుపల్లి ఎండలకి మూడు నాలుగు వారాలు పడుతుందేమో. వారం ఎక్కువైనా ఫరవాలేదు. నల్ల బురద అర అడుగు కంటే మందంగా ఉంటే చెక్కించి మీ పామాయిల్ చెట్ల పాదుల్లో వేయించండి, బలం.

తూము దగ్గర గుంటలో ఎంత తోడినా నీళ్లు మిగులుతాయి. కొర్రమీను, మార్పు చేప అక్కడే చేరతాయి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చే చేప, తడి బురదలో దూరి కూడా కొన్నాళ్లు బతుకుతుంది. వలతో రెండుసార్లు లాగించి, తర్వాత ఇప్పపిండి (ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క) వేయండి. లెక్క తేలిక. గుంట పొడుగు, వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి హెచ్చవేసి, వచ్చిన ఒక్కో ఘనపు మీటరుకి 250 గ్రాములు. 20 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉంటే 100 ఘనపు మీటర్లు, అంటే 25 కిలోలు. రాత్రి నానబెట్టి పొద్దున్నే నీళ్లంతటా చల్లాలి. కాసేపట్లో చేపలు పైకి తేలతాయి. పిండి విషం రెండు మూడు వారాల్లో విరిగిపోయి, ఆ తర్వాత అదే ఎరువుగా పనికొస్తుంది. పురుగుమందు పోసి చంపేవాళ్లను చూశాను. మీరు ఆ పని మాత్రం చేయకండి. మట్టిలో అది ఎప్పటిదాకా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

నాకు మీ కుంట గురించి నిజంగా టెన్షన్ ఉన్నది మట్టి విషయంలోనే. మాది నల్లరేగడి బంక, నీళ్లు పోస్తే పోసినట్టే నిలుస్తాయి. మీ ఫొటోలో ఉత్తరపు గట్టు ఎర్రగా, ఇసక పాలు ఎక్కువగా కనిపిస్తోంది. అడుగు మట్టిని తడిపి నారింజపండంత ఉండ చేసి పైకి విసిరి పట్టుకో. విడిపోకుండా చేతిలోకి వస్తే బంక చాలు. పగిలిపోతే నీళ్లు ఇంకుతాయి. అలా అయితే ఊరచెరువు పూడిక మట్టి తెప్పించి అడుగున అర అడుగు మందం పరిపించి, కొంచెం నీళ్లు పెట్టి, వరి మడికి చేసినట్టే ట్రాక్టరుకి దమ్ము చక్రాలు కట్టి రెండుసార్లు దమ్ము చేయించండి. ఉండ పరీక్షతో ఆగక, నీళ్లు పెట్టాక కూడా ఒక కర్ర పాతి సాయంత్రం గీత పెట్టి చూసుకోండి. రోజుకి ఒక సెంటీమీటరు లోపు తగ్గితే అది ఎండకి పోయింది. రెండు మూడు అంగుళాలు తగ్గుతోందంటే కుంట కారుతోంది. అప్పుడు పిల్ల వేయడం ఆపి కారే చోటు వెతకండి. చాలాసార్లు అది ఎలుక బొరియో పీత బొరియో అయి ఉంటుంది. అందుకే ఎండిన రోజుల్లోనే గట్టు చుట్టూ నడిచి ప్రతి బొరియా తవ్వి, బంకమట్టి కూరి దిమ్మిస కొట్టించండి.

గట్టు వాలు ఒక అడుగు ఎత్తుకి రెండు అడుగుల చొప్పున ఉండాలి, నిటారుగా ఉంటే వానకి జారుతుంది. పైన గరిక నాటండి. లోతు ఐదు అడుగులకి తగ్గనివ్వద్దు. మూడు అడుగుల నీళ్లయితే ఎండకి కాగిపోతాయి, వెలుగు అడుగుదాకా పోయి మళ్లీ కలుపు లేస్తుంది. పక్కన మీకు మిరప ఉంది కదా. మందు కొట్టిన చేను నీళ్లు వానకి కుంటలోకి దిగకుండా ఆ వైపు చిన్న బోదె తీయించండి. స్ప్రేయరు కుంటలో కడగనివ్వద్దని కూలీలకి కూడా చెప్పు.

సున్నం మే ఆఖరులో. ఎంత వేయాలో పక్కవాళ్లని అడగకు, మట్టిని అడగాలి. కుంటలో ఐదారు చోట్ల పిడికెడు పిడికెడు తీసి కలిపి, నీడన ఆరబెట్టి, వైరా కృషి విజ్ఞాన కేంద్రంలో గాని పాలేరు మత్స్య పరిశోధన కేంద్రంలో గాని పీహెచ్ (మట్టిలో పులుపు ఎంతుందో చెప్పే లెక్క) చూపించండి. ఏడున్నర దాటితే మీ అరెకరానికి 40 కిలోలు చాలు. ఏడుకి కొంచెం తక్కువైతే 100. ఆరు దగ్గరుంటే 200 దాకా పడుతుంది. ఎర్రమట్టి కాబట్టి ఏడుకి లోపే ఉంటుందని నా అంచనా. అయినా చీటీ వచ్చాకే కొనండి. నేల పొడిపొడిగా కాకుండా కాస్త పదును మీద ఉన్నప్పుడు అడుగంతా, గట్టు లోపలి వాలు మీద కూడా చల్లాలి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. కళ్లకి అద్దాలు, ముక్కుకి గుడ్డ తప్పదు. మా జీతగాడు ఒకడు వద్దంటున్నా వినక చల్లి, కంట్లో పడి పదిహేను రోజులు కన్ను తెరవలేకపోయాడు. సున్నం చల్లాక పది రోజులు ఇంకేమీ వేయకండి. సున్నమూ సూపర్ ఫాస్ఫేట్ ఎరువూ ఒకేసారి వేస్తే సూపరులోని భాస్వరం సున్నంలో చిక్కుకుపోయి నీళ్లకి అందదు, డబ్బు వృథా. యూరియాతో కలిస్తే ఇంకా చెడ్డ, అమ్మోనియా పుడుతుంది.

జూన్ చివర వానలు పడ్డాక నీళ్లు. కాలవ నీళ్లయితే గొట్టం మూతికి ముందు మామూలు వల, దాని మీద దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టండి. నన్ను ముంచిన కొర్రమీను గుడ్లు గానీ పిల్లలు గానీ కాలవ నీళ్లతో కూడా వచ్చి ఉండొచ్చు. రోజూ గుడ్డ విప్పి కడగాలి, లేకపోతే చెత్త పట్టి చిరుగుతుంది. బోరు నీళ్లలో చేప పిల్ల ఉండదు, కానీ ప్రాణవాయువు కూడా దాదాపు ఉండదు. గొట్టం ఎత్తుగా పెట్టి రాళ్ల మీద పడేట్టు చేయండి.

ఒకేసారి నింపకండి. ముందు రెండు అడుగులు. అప్పుడు మాగిన పశువుల పేడ 600 కిలోలు, నీళ్లలో కలిపి గట్టు వెంబడి పోయించండి. పచ్చి పేడ వద్దు. సూపర్ ఓ 5 కిలోలు రాత్రి నానబెట్టి చల్లితే చాలు. వారం పది రోజులకి నీళ్లు రంగు తిరుగుతాయి. తర్వాత మెల్లగా ఐదు అడుగులకి పెంచండి. రంగు సరిగ్గా ఉందో లేదో చూడటానికి మీటర్లేమీ అక్కర్లేదు. పొద్దున పదింటికి, ఎండ బాగా ఉన్నప్పుడు, గట్టు మీద బోర్లా పడుకుని చేయి నిటారుగా నీళ్లలోకి దించు, అరచేయి విప్పి ఉంచు. మోచేయి దాకా మునిగేసరికి వేళ్లు కనపడకుండా పోతే నీళ్లు సిద్ధమైనట్టే. మణికట్టు దగ్గరే మాయమైతే పాచి మరీ ఎక్కువైంది, పేడ ఆపేయాలి. మోచేయి దాటినా గోళ్లు కనపడుతుంటే ఇంకాస్త పేడ కావాలి. ఇంకొక్క మాట. వానకి గట్టు మట్టి కొట్టుకొచ్చి ఎర్రగా మారినా చేయి కనపడదు. అది మేత కాదు, బురద. లేత ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చలో కాస్త గోధుమ కలిసిన రంగు రావాలి. ఆ రంగులోనే చేప పిల్ల మొదటి మేత ఉంది.

పిల్ల సంగతి. పూర్వం వరదలకి నదుల్లో ఏరి తెచ్చిన పిల్లే గతి. ఏది ఏ చేపో తెలిసేది కాదు. 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు ఇంజక్షనుతో కార్పు చేప (బొచ్చె, శీలావతి జాతి) చేత గుడ్లు పెట్టించాకే ఈ హేచరీలన్నీ వచ్చాయి. ఆ రోజునే ఇప్పటికీ దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతారు. మీ అరెకరానికి నాలుగైదు అంగుళాల పిల్ల వెయ్యి చాలు. బొచ్చె 300, శీలావతి 400, మోసు 300. బొచ్చె పైన, శీలావతి మధ్యలో, మోసు అడుగున తింటాయి. మా వైపు శీలావతి చాలా ఎక్కువ వేసి బొచ్చె కొద్దిగా వేస్తాం, కానీ అది మేత మీద నడిచే సేద్యం, మీకు మొదటి ఏడాది వద్దు. అంగుళం పిల్ల చవగ్గా వస్తుందని ఆశపడకండి, నీటికాకులకి, కప్పలకే సరిపోతుంది. కొనేటప్పుడు తొట్టిలో చేయి పెట్టి తిప్పితే పిల్ల ప్రవాహానికి ఎదురీదాలి. ఒకసారి ఒక వ్యాపారి నాకు శీలావతి అని చెప్పి సగం వేరే రకాలు కలిపి ఇచ్చాడు, మూడు నెలల తర్వాత గాని తెలియలేదు. అందుకే ఓ యాభై పిల్లల్ని తెల్ల బేసిన్‌లో పోసి నింపాదిగా చూసుకోండి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఎవరైనా తెచ్చిస్తామంటే గట్టు ఎక్కనివ్వకండి. మన దేశంలో దానికి నిషేధం ఉంది, తక్కిన చేపల్నీ మింగేస్తుంది.

మొత్తం పిల్ల వేసే ముందు రోజు కుంటలో హాపా (సన్న వలతో కుట్టిన చిన్న గూడు) కట్టి అందులో ఇరవై పిల్లల్ని వదలండి. తెల్లవారుజామున, వెలుగు రాకముందే వెళ్లి చూడు. నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళ అదే. ఇరవైకి ఇరవై చురుగ్గా ఉంటే నీళ్లు మంచివి. ఒకటి రెండు పోయినా ఆగి, నాకు ఫోన్ చెయ్యి. తర్వాత పిల్ల సంచులు వచ్చాక మూతి విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు కుంటలో తేలనివ్వండి. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒక్క వేడికి రావాలి. అప్పుడు విప్పి, కుంట నీళ్లు దోసిళ్లతో కొంచెం కొంచెంగా లోపలికి పోసి, సంచి వంచి ఊరుకో. నువ్వు గుమ్మరించకు. వాటంతట అవే ఈదుకుంటూ పోతాయి. ఎండలో కాకుండా పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వేయాలి.

పీహెచ్ చీటీ రాగానే వాట్సాప్‌లో పెట్టు. ఇప్పపిండి మీ దగ్గర దొరక్కపోతే చెప్పు, ఇక్కడి నుంచి పంపిస్తాను. హాపా కొనకండి, నా దగ్గర మంచిది ఉంది. పిల్ల వేసే ముందు రోజు సాయంత్రానికి నేనే తీసుకొస్తాను. ఆ రాత్రి మీ ఇంట్లోనే ఉంటాను, తెల్లారుజామున ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న,
కైకలూరు