మాంసం జిగురుబారడానికి కారణం గొర్రె రక్తంలో లేదు, కోసే తీరులో ఉంది

ప్రశ్న: మాకు గొర్రెల మంద ఉంది. దళారులకు అమ్మడం మానేసి, ప్రతి ఆదివారం మా షెడ్డులోనే నాలుగైదు పొట్టేళ్లను కోసి మాంసం అమ్ముతున్నాము. మిగిలినది సంచుల్లో కట్టి ఫ్రిజ్‌లో పెడితే సోమవారం ఉదయానికే జిగురు పట్టి వాసన వస్తోంది. గొర్రెల రక్తంలోనే క్రిములు ఉన్నాయని అనుమానించి, మందుల దుకాణం వారు చెప్పినట్లు కోతకు ముందు రోజు ఆక్సిటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ (ఒంట్లో చాలా రోజులు నిలిచే యాంటీబయాటిక్) ఇంజెక్షన్ వేయిస్తున్నాము. అయినా గుణం కనిపించలేదు. ఇంతకన్నా బలమైన మందు ఏదైనా ఉందా?
– ఒక గొర్రెల పెంపకందారు, నారాయణపేట జిల్లా

జవాబు: మీకు మందు అవసరం లేదు. ఇప్పుడు వేయిస్తున్న ఇంజెక్షన్‌ను వెంటనే ఆపాలి. బాగా మేస్తూ, నెమరు వేస్తూ తిరిగే గొర్రె కండలో క్రిములు దాదాపుగా ఉండవు. అవి ఉన్ని మీద, గిట్టల్లో, పొట్టలో, పేగుల్లో ఉండి, కోసేవారి చేతుల ద్వారా, కత్తి ద్వారా, నీటి ద్వారా మాంసం పైకి చేరతాయి. కాబట్టి గొర్రెకు ముందుగా ఏ సూది వేసినా ఈ జిగురు ఆగదు.

వేకువన 4 గంటలకు కోసేటట్లయితే ముందు రోజు సాయంత్రం 4 గంటలకే మేత ఆపి, నీరు మాత్రం కావలసినంత అందుబాటులో ఉంచండి. పొట్ట నిండుగా ఉన్న జీవాన్ని కోస్తే పేగు తెగే ప్రమాదం ఎక్కువ. కోత రోజున గొర్రెను కడగకండి. తడిసిన ఉన్ని నుంచి కారే మురికి నీరు నేరుగా మాంసం మీద పడుతుంది. నేల మీద పడుకోబెట్టి చర్మం తీసే అలవాటు మానుకుని, కొక్కేనికి వేలాడదీసి, ఉన్ని ఎప్పుడూ బయటి వైపుకే మడతపడేలా ఒలవండి. ఉన్ని పట్టుకున్న చేయి కడుక్కోకుండా మాంసాన్ని తాకకూడదు. అన్నవాహికను, మలద్వారం వద్ద పేగును దారంతో గట్టిగా కట్టిన తర్వాతే పొట్ట తెరవండి. కోసిన అరగంటలోపు పొట్ట, పేగులు బయటికి రావాలి. బోటి, తలకాయ, కాళ్లు శుభ్రం చేసే చోటు, ఆ పని చేసే మనిషి, కత్తి వేరుగా ఉండాలి.

కత్తులు కనీసం రెండు ఉంచుకోండి. ఒకటి వాడుతుండగా రెండవది 82 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడి నీటిలో ఉండాలి. థర్మామీటరు లేకపోతే పొయ్యి మీద మరుగుతున్న నీటి గిన్నె చాలు. ముందు మామూలు నీటితో రక్తం కడిగిన తర్వాతే వేడి నీటిలో ముంచండి, లేకపోతే రక్తం ఉడికి కత్తికి అంటుకుపోతుంది.

మాంసం మీద ఎక్కడైనా పేడ అంటితే చాలామంది వెంటనే బక్కెట్టు నీళ్లు గుమ్మరిస్తారు. అది పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒక్క చోట ఉన్న మురికిని నీరు మొత్తం మాంసానికి పూస్తుంది. ఆ ముక్కను కత్తితో చెక్కి పారేయండి. ఆ తర్వాత తాగడానికి పనికివచ్చే నీటితో కడిగి, నీరంతా కారిపోనివ్వండి. వీలైతే ఫుడ్ గ్రేడ్ లాక్టిక్ ఆమ్లం (80 శాతం ద్రావణం) 25 మిల్లీలీటర్లను నీటితో కలిపి మొత్తం ఒక లీటరు చేసి, చేతి తొడుగులు వేసుకుని, కొత్త స్ప్రేయరుతో మాంసం పైభాగమంతా తడిసేలా పిచికారీ చేయండి. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును ఈ పనికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దు. ఈ ఆమ్లం క్రిములను తగ్గిస్తుంది కానీ మురికి కోతను సరిదిద్దలేదు.

మీ అసలు నష్టం ఫ్రిజ్‌లో జరుగుతోందని నా అనుమానం. వేడి తగ్గని మాంసాన్ని సంచిలో కుక్కి ఇంటి ఫ్రిజ్‌లో పెడితే దాని నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఒంటి వేడి దగ్గర ఇ. కోలి వంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. ఆ లెక్కన ఒకటి 4 గంటల్లో 4 వేలు దాటుతుంది. గాలి తగిలేలా వేలాడదీసి మాంసం ఆరిన తర్వాత, రెండు వేళ్ల మందానికి మించకుండా పళ్లేలలో పరచి, 4 డిగ్రీల వద్ద ఉంచండి. ఫ్రిజ్ చిన్నదైతే అమ్ముడుపోయే మేరకే కోయండి. నాలుగు పొట్టేళ్ల మాంసాన్ని చల్లబరచడం ఇంటి ఫ్రిజ్ వల్ల అయ్యే పని కాదు.

పని ముగిశాక బల్లలు, మొద్దు, కొక్కేలను సబ్బుతో రుద్ది కడిగి, 10 లీటర్ల నీటిలో 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 8 గ్రాములు కలిపి తడిపి, 10 నిమిషాల తర్వాత మంచి నీటితో కడగండి. రక్తం, కొవ్వు ఉన్న చోట క్లోరిన్ పనిచేయదు కాబట్టి సబ్బు ముందు, బ్లీచింగ్ తర్వాత. బోరు నీటిని పరీక్ష చేయించండి. 100 మిల్లీలీటర్ల నీటిలో కోలిఫాం బ్యాక్టీరియా ఒక్కటి కూడా ఉండకూడదు. మాంసం పరీక్షలకు, శుభ్రమైన కోతలో శిక్షణకు హైదరాబాదు శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధనా సంస్థను సంప్రదించవచ్చు.

ఇక ఇంజెక్షన్ సంగతి గట్టిగానే చెప్పాలి. మందు అమ్ముకునే వారు మీ పొట్టేలును చూడలేదు, మీ షెడ్డును చూడలేదు, సీసా మీది షరతును మీకు చదివి వినిపించనూ లేదు. ఈ లాంగ్ యాక్టింగ్ మందు వేసిన జీవాన్ని సాధారణంగా 28 రోజుల వరకు మాంసానికి కోయకూడదు. ముందు రోజు వేసి మరునాడు కోస్తే, ఆ మందును మీ దగ్గర కొన్న కుటుంబాలు, వారి పిల్లలు తింటున్నారు. వండినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఇలా అడ్డదిడ్డంగా వాడడం వల్లే మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతోంది. ఆ భయంతోనే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి పెంచే జీవాలలో వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఇంతకన్నా బలమైన మందు అడగడం అంటే ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచడమే. జ్వరంతో ఉన్న జీవాన్ని కోయకుండా పశువైద్యుడికి చూపించండి. హఠాత్తుగా చనిపోయి ముక్కు, మలద్వారాల నుంచి రక్తం కారుతున్న గొర్రెను మాత్రం దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు కాబట్టి అసలు తెరవనే వద్దు.

ఇప్పటికే ఇంజెక్షన్ పడిన పొట్టేళ్లు మందలో మిగిలి ఉంటే, వాటికి రంగు గుర్తు వేసి, తేదీ రాసిపెట్టి, సీసా మీద రాసిన గడువు పూర్తయ్యాకే కోతకు తీయండి.