రేంజర్స్ కబుర్లు: ఏప్రిల్‌లో బంతి ఎవరి చేతికి?

నవంబర్ 1 రాత్రి నా బేస్‌బాల్ స్కోరు పుస్తకం చివరి గడిలో తిరగేసిన ‘కె’ రాశాను. బ్యాటర్ బ్యాట్ తిప్పి స్ట్రైకౌట్ అయితే, అంటే మూడు స్ట్రైకులు పడి ఔటైతే, మామూలు కె, తిప్పకుండా చూస్తూ నిలబడిపోతే తిరగేసిన కె. జోష్ స్బోర్జ్ వేసిన కర్వ్‌బాల్‌కి అరిజోనా బ్యాటర్ కెటెల్ మార్టే అలాగే నిలబడిపోయాడు. మన జట్టు టెక్సస్ రేంజర్స్ తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే సీజన్ ఆఖరి ఫైనల్, గెలిచింది. ఆ రాత్రి నుంచి మీ ప్రశ్నలు ఆగలేదు. ఈ నెల మధ్యలో అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్లో ట్రెయినింగ్ మొదలవుతుంది, మార్చి 28న చికాగో కబ్స్‌తో తొలి మ్యాచ్. కాబట్టి ఈ ఫిబ్రవరి 2024 సంచికలో అన్నీ టీమ్ గురించిన ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: డిగ్రామ్, షర్జర్, మేలీ ముగ్గురూ మనవాళ్లే. ఇంత పిచింగ్ (బంతి వేసే బలం) పెట్టుకుని మీరు పోయిన నెల టెన్షన్‌గా ఉందని రాశారు. ఎందుకండీ? (ఇర్వింగ్)

ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా మార్చిలో బంతి పట్టరు, అందుకే. జేకబ్ డిగ్రామ్ పోయినేడు ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. ఆరూ గెలిచాం. జూన్‌లో మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది, ఆగస్టుకు ముందు అతన్ని లెక్కలో వేసుకోవద్దు. మ్యాక్స్ షర్జర్‌కు 39 ఏళ్లు, డిసెంబర్‌లో వెన్ను ఆపరేషన్ అయింది, జూన్ జులై దాకా రాలేడు. టైలర్ మేలీని రెండేళ్లకు 2.2 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నారు. అతనిదీ టామీ జాన్ కేసే, సీజన్ సగం దాటాకే.

క్రికెట్ చూసే మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, ఒక రోజు వంద బంతులదాకా వేస్తే తర్వాత నాలుగు రోజులు విశ్రాంతి కావాలి, అందుకే ఐదుగురు వంతులవారీగా వేస్తారు. స్టార్టర్ నాలుగో ఇన్నింగ్స్‌కే అలిసిపోతే తొమ్మిదింటిలో మిగతా ఐదు ఇన్నింగ్స్ బుల్‌పెన్, అంటే మధ్యలో దిగే పిచర్ల బృందం, మోయాలి. వారంలో రెండుసార్లు ఇలా జరిగితే మూడో రోజు గెలవాల్సిన మ్యాచ్‌లో వేయడానికి మంచి చెయ్యి మిగలదు. పోయినేడు మన బుల్‌పెన్ 30 మ్యాచ్‌లు కాపాడి, 33 సార్లు ఆధిక్యాన్ని పోగొట్టింది. కప్పు వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయాం. ఈసారి డేవిడ్ రాబర్ట్‌సన్, కర్బీ యేట్స్ వచ్చారు కాబట్టి ఆ భయం కొంత తగ్గింది. కానీ వాళ్లకి పని తక్కువగా ఉంటేనే ఆ మేలు కనిపిస్తుంది.

కనుక ఏప్రిల్ నుంచి జూన్ దాకా భారమంతా నేథన్ ఈవాల్డీ, జాన్ గ్రే, డేన్ డనింగ్, ఆండ్రూ హీనీ, కోడీ బ్రాడ్‌ఫర్డ్ మీదే. వీళ్లలో నాకు ధైర్యం ఇచ్చేది ఈవాల్డీ. వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో అతని పేజీ ఇప్పటికీ తీసి చూస్తుంటాను. ఐదు వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇచ్చాడు, మొదటి ఐదు ఇన్నింగ్స్‌లోనూ అరిజోనా వాళ్లు బేస్‌ల మీద ఉన్నారు. నా పెన్సిల్ గీతలు ప్రతి గడిలోనూ సగం దాకా వెళ్లి ఆగిపోయాయి. ఆరు ఇన్నింగ్స్, ఒక్క రన్ రాలేదు. కాకపోతే పోయినేడు ముంజేతి నొప్పితో వారాల తరబడి కూర్చున్నది కూడా ఈయనే. డనింగ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, 172 ఇన్నింగ్స్ వేసి 12 మ్యాచ్‌లు గెలిపించాడు. ఈసారి అతని విలువ అందరికీ తెలిసొస్తుంది.

ప్రశ్న: జోర్డన్ మాంట్‌గోమరీ ఇంకా ఖాళీగానే ఉన్నాడట కదా. మనవాళ్లు ఎందుకు తీసుకోవట్లేదు? (ప్లేనో)

నాకు తోచింది నేరుగా చెప్తాను, తీసుకోవాలి. జులై చివర్లో సెయింట్ లూయీ నుంచి వచ్చి 2.79 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే రన్ల సగటు, తక్కువైతే మేలు) వేశాడు. సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో టాంపా బేని ఏడు ఇన్నింగ్స్ సున్నాలో ఉంచాడు, హ్యూస్టన్‌లో మొదటి మ్యాచ్ కూడా అలాగే లాగించాడు. ఏప్రిల్‌లో మనకు లోటున్నది సరిగ్గా అలాంటి మనిషికే.

అడ్డం డబ్బే. మన బ్యాటర్లు సీగర్‌కు పదేళ్లకు 32.5 కోట్లు, సిమియన్‌కు 17.5 కోట్లు, డిగ్రామ్‌కు 18.5 కోట్ల డాలర్లు ఇప్పటికే రాసిచ్చారు. జీతాల మొత్తం ఈ ఏడాది 23.7 కోట్లు దాటితే లగ్జరీ ట్యాక్స్ పడుతుంది. పోయినేడు గీత దాటాం కాబట్టి రెండో ఏడాది రేటు 20 నుంచి 30 శాతానికి పెరుగుతుంది. పైగా మన మ్యాచ్‌లు చూపించే టీవీ చానల్ మాతృసంస్థ పోయిన మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, ఆ ఆదాయం మీద నమ్మకం లేదు. ఇవన్నీ నిజమే. అయినా కప్పు గెలిచిన మరుసటేడు మూడు నెలలు నెట్టుకొద్దాం అనుకోవడం నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఎవన్ కార్టర్ అంటే ప్రాణం. అతను రోజూ ఆడతాడా? లాంగ్‌ఫర్డ్ వస్తే చోటు పోతుందా? (ఫ్రిస్కో)

చోటు పోదమ్మా, బాబుకి ధైర్యం చెప్పండి. మీరు ఫ్రిస్కోలో ఉన్నారు కాబట్టి కార్టర్‌ను మీ ఊరి రఫ్ రైడర్స్ జట్టులోనే (రేంజర్స్ కింది మెట్టు జట్టు) చూసుంటారు. పోయిన వేసవిలో నేను మూడుసార్లు వెళ్లాను. కుడివైపు ఫెన్స్ వెనక కాలువలో పిల్లలు ట్యూబుల మీద తేలుతుంటే, ఇటు ఇరవయ్యేళ్ల కుర్రాడు బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గర కదలకుండా ఉండేవాడు. బంతి ప్లేట్‌కి జానెడు పక్కగా వెళ్తే భుజం కూడా కదిలేది కాదు. తల మాత్రం క్యాచర్ గ్లవ్ దాకా బంతి వెంటే తిరిగేది. ఆ వయసులో అందరూ కొట్టాలని చూస్తారు, ఇతను ఏది వదలాలో చూస్తాడు. సెప్టెంబర్ 8న పెద్ద జట్టులోకి వచ్చి, ప్లేఆఫ్స్‌లో 17 మ్యాచ్‌ల్లో 17లోనూ బేస్ మీదికి చేరాడు. తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బలు) కొట్టాడు, ఒక ఏడాది ప్లేఆఫ్స్‌లో అది రికార్డు. ఎడమచేతి పిచర్లను మాత్రం అతను ఇంకా పెద్దగా ఎదుర్కోలేదు. ఏప్రిల్‌లో అక్కడ తడబడితే బాబు దిగులుపడకూడదు.

వయట్ లాంగ్‌ఫర్డ్‌ది వేరే రకం బలం. పోయినేడు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, నాలుగో పిక్. వేసవిలో కాలేజీ ఆట ముగించి, 44 మ్యాచ్‌ల్లో కింది లీగుల నాలుగు మెట్లు ఎక్కి .360 సగటు, పది హోమ్ రన్లు కొట్టాడు. మిచ్ గార్వర్ సియాటెల్ వెళ్లడంతో డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) చోటు ఖాళీ అయింది. అక్కడా, లెఫ్ట్ ఫీల్డ్‌లోనూ మార్చి మార్చి వాడుకుంటే ఎవరి చోటూ పోదు. ఇంకా ట్రిపుల్ ఎలో, అంటే పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద, ఉంచి నేర్పించాలనేవాళ్లున్నారు. నా మాటైతే, మొదటి రోజే ఆడించాలి.

ప్రశ్న: సీగర్‌కు కూడా ఆపరేషనట? (కాపెల్)

అవునండీ, జనవరి చివర్లో హెర్నియాకి. మొదటి మ్యాచ్‌కి అందుకుంటాడనే ఆశ ఉంది. పోయినేడు 119 మ్యాచ్‌లే ఆడి 33 హోమ్ రన్లు కొట్టాడు, ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు. పక్కన 162కి 162 ఆడిన సిమియన్ ఉన్నాడు. 39 హోమ్ రన్ల అడోలిస్ గార్సియా, జోష్ యంగ్, జోనా హైమ్ ఉన్నారు. బ్యాటింగ్ గురించి నాకు బెంగ లేదు.

ప్రశ్న: మళ్లీ గెలుస్తామా? (హ్యూస్టన్, కానీ రేంజర్స్ అభిమాని)

2024కు ముందు వరుసగా గెలిచిన చివరి జట్టు యాంకీస్, 1998 నుంచి 2000 దాకా. కష్టమని దాన్నిబట్టే తెలుస్తుంది. జూన్ ఆఖరుకి గెలుపోటములు సమానంగా ఉంటే చాలు, తర్వాత డిగ్రామ్, షర్జర్ వస్తే మనల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. నాకు స్కోరు రాయడం నేర్పిన పక్కింటి పెద్దాయన 2011లో ఆరో మ్యాచ్ రాత్రి, కప్పుకి ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు ఆగిపోయాక, పుస్తకం మూసి మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారు. మొన్న నవంబర్‌కు ఆయన లేరు. మళ్లీ గెలవాలని నాకెంత ఉందో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాం. మాకు ఆట తెలియదు. ఒక్క మ్యాచ్ చూడాలంటే ఎలా? (గుంటూరు)

తప్పకుండా రండి. ఆర్లింగ్టన్‌లోని మన స్టేడియానికి పైకప్పు మూసి ఏసీ పెడతారు, అమ్మగారికి ఒక శాలువా పట్టుకురండి. మొదటి బేస్ వైపు సీట్లు తీసుకోమని అబ్బాయికి చెప్పండి. ముందు పిచర్‌నే చూస్తూ కూర్చోండి. ఎన్ని బంతులు వేశాడో పెద్ద తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ఆ అంకె 90 దగ్గరికి రాగానే బుల్‌పెన్ వైపు చూడండి. అక్కడ ఇంకొకతను లేచి చెయ్యి తిప్పుతూ కనిపిస్తాడు.