ఇండక్షన్ స్టవ్ మీద మంట ఉండదు, తమ్ముడూ

తమ్ముడూ,

అమెరికాలో మనవాడొకడు వంటింట్లో బార్లీ రసం కాచి బీరు చేసుకునే నీ కథ మొన్న రాత్రి ఒకసారి, నిన్న ఇంకోసారి చదివాను. రెండుసార్లూ మూడో పేజీ దగ్గరే ఆగిపోయాను. "ఇండక్షన్ స్టవ్ మీద నీలి మంట నాట్యం చేస్తోంది" అని రాశావు. ఇండక్షన్ స్టవ్ మీద మంటెక్కడిది? గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది, దాని అయస్కాంత శక్తికి గిన్నె అడుగే వేడెక్కుతుంది. కంటికి ఏమీ కనపడదు. ఫ్యాను రొద, కొన్ని గిన్నెలకైతే సన్నటి కీచు చప్పుడు, అంతే. వంటింట్లో ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది కదా, దాన్ని వదిలేసి ఎక్కడో చదివిన నీలి మంటను ఎందుకు తెచ్చావు?

పైగా అల్యూమినియం డేక్సా పెట్టించావు. అది మామూలు ఇండక్షన్ మీద వేడెక్కదు. ఫ్రిజ్‌కి అంటించుకున్న వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ తీసి గిన్నె అడుగున పెట్టి చూడాలి, గట్టిగా అతుక్కుంటే పనికొస్తుంది, జారిపోతే లేదు. ఆ కుర్రాడు ఈ పని చేయడం చూపిస్తే చాలు, వాడెక్కణ్ణించి వచ్చాడో రెండు పేరాలు రాయక్కర్లేదు.

ఇక 20 లీటర్ల బార్లీ రసం పది నిమిషాల్లో మరిగిందన్నావు. అమెరికాలో మామూలు ప్లగ్గుకి పెట్టుకునే స్టవ్ 1800 వాట్లకి మించదు. దాని మీద 10 లీటర్లు మరగడానికే అరగంట దాటుతుంది, 20 అంటే గంటంపావు పైనే, ఒక్కోసారి ఎంతసేపున్నా సరిగ్గా తెర్లదు. అందుకే అపార్ట్‌మెంట్లలో చాలామంది 5, 10 లీటర్లతో సరిపెట్టుకుంటారు. స్థోమత ఉన్నవాళ్ళు 240 వోల్టుల లైనుకి 3500 వాట్ల స్టవ్ పెట్టుకుంటారు. మరి ఆ గంట మీవాడు ఏం చేశాడు? నాకు కావాల్సింది ఆ గంట, దాన్నే నువ్వు కొట్టేశావు.

దాని బదులు పోలీసు వచ్చి తలుపు తట్టాడు! ఎందుకొస్తాడు? 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంట్లో వయసొచ్చిన మనిషి ఒకరుంటే ఏడాదికి 100 గ్యాలన్ల బీరు, ఇద్దరుంటే 200, సొంతానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. చివరికి మిగిలిన అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు కూడా 2013లో ఒప్పుకున్నాయి. కథల వర్క్‌షాపుల్లో "సంఘర్షణ ఏదీ, సంఘర్షణ ఏదీ" అని అడిగి పిల్లల్ని బెదరగొట్టేస్తున్నారు, వాళ్ళేమో టెన్షన్ కోసం ఎవరో ఒకర్ని గుమ్మం దగ్గరికి పంపిస్తున్నారు. ఈ ఫ్యాషన్ అంటే నాకు ఒళ్ళు మంట.

టెన్షన్ గిన్నెలోనే ఉంది. రసం తెర్లడానికి కాస్త ముందు నురగ ఒక్కసారిగా లేస్తుంది, పాలు పొంగినట్టే. మా ఆయనా నేనూ మొదటిసారి చేసినప్పుడు మాకున్నది కాయిల్ స్టవ్. నురగ లేవడం చూసి ఆపేశాను, కానీ కాయిల్ ఎర్రగా అలాగే ఉంది, మరుగు ఆగలేదు. రసమంతా పొర్లి దాని మీదే మాడింది. మాడిన బెల్లం పాకం వాసన వారం రోజులు ఇంట్లోంచి పోలేదు, పాత చాకుతో గీకి గీకి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. అదంతా ఒక కథలో అరపేజీ రాశాను. ఎడిటర్ గారు ఆ అరపేజీ తీసేసి "ఆమె మనసు పొంగింది" అని ఒక్క ముక్క వేసి అచ్చేశారు. ఆడమనిషి బీరు గురించి ఇంత వివరంగా రాస్తే బాగుండదమ్మా అని ఫోన్‌లో చెప్పారు. పాతికేళ్ళయింది, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నీ గిన్నెని ఎవరూ తీసేయకముందే నువ్వే తీసేసుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

మూత సంగతి కూడా. గంటసేపు మూత తీసే మరిగించాలి, లేకపోతే ఉడికిన మొక్కజొన్న వాసన బయటికి పోక రసంలోనే ఉండిపోతుంది. లీటరు పైనే నీళ్ళు గదిలోకి ఆవిరైపోతాయి. నీ కథ జనవరిలో, షికాగోలో కదా, కిటికీ అద్దాలు ధారగా కారతాయి. నువ్వు ఒక్క చుక్క కూడా రాయలేదు.

అమ్మ వీడియో కాల్‌లో "ఏం వండుతున్నావురా, రాగిజావా?" అనడం, వాడు "ఆఁ, అదేనమ్మా" అనడం మాత్రం బాగుంది. నాకు గొంతు పట్టేసింది. కానీ వాడు అప్పటికి సోఫాలో తీరిగ్గా కూర్చున్నాడు. ఆ కాల్‌ని నురగ లేచే క్షణానికి జరుపు. ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి ఉంది, వాడు గిన్నె వదిలి కదలలేడు, అమ్మకి గిన్నె అంచు కనపడుతోంది. ఇండక్షన్‌లో ఉన్న సుఖం ఇదే, బటన్ నొక్కగానే వేడి ఆగుతుంది, నురగ చప్పున కిందికి దిగుతుంది. వాడి వేలు బటన్ మీద ఉండగా ఆ అబద్ధం చెప్పించు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఇంకేవో కూడా అడిగావు. ముందు 10 లీటర్ల నీళ్ళు పోసి స్టవ్ ముందు నిలబడు. మరిగేదాకా ఫోన్ చూడకు. మరిగాక కూర్చుని మూడో పేజీ మళ్ళీ రాసి పంపు.

అక్క