ఆరు లక్షలు కడితే కెనడా పీఆర్ వస్తుందా?

భూపాలపల్లి నుంచి సింగరేణిలో రిటైరైన ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కొడుక్కి 28 ఏళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. వరంగల్‌లో బీటెక్ మెకానికల్ చేసి, ఏడాది ఖాళీగా ఉండి, తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరి మూడేళ్లు దాటింది. హన్మకొండలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరు లక్షలకు పీఆర్, అంటే కెనడాలో శాశ్వత నివాస హక్కు, గ్యారంటీ అంటున్నారట. జాబ్ ఆఫర్ లెటర్ వాళ్లే తెప్పిస్తారట, ఖాళీగా ఉన్న ఏడాదికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా సెట్ చేస్తారట. రిటైర్‌మెంట్ డబ్బులు తీసి కట్టమంటారా అని అడుగుతున్నారు.

అన్నా, కట్టకండి. పీఆర్‌కు గ్యారంటీ ఇచ్చే అధికారం ఇక్కడివాళ్లకే కాదు, కెనడాలో ఉన్న లాయర్‌కు కూడా లేదు.

అసలు పద్ధతి ఏంటంటే, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అని 2015 నుంచి నడుస్తోంది. వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం చూసి 1200కు మార్కులు వేస్తారు, పైనున్న వాళ్లను పిలుస్తారు, ఒక్కో విడత పిలుపును డ్రా అంటారు. ప్రొఫైల్ పెట్టడానికి ఒక్క రూపాయి ఫీజు లేదు, మీవాడు ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు. ఇక ఆ జాబ్ ఆఫర్ లెటర్ సంగతి. ఒకప్పుడు దానికి ఉద్యోగాన్ని బట్టి 50 లేదా 200 మార్కులు ఉండేవి, 2025 మార్చి 25న తీసేశారు. అంటే నిజమైన ఆఫర్‌కే ఈ లెక్కలో మార్కులు లేనప్పుడు, వాళ్లు తెప్పించే కాగితానికి మీరు డబ్బులెందుకు పెట్టాలి?

మీవాడి లెక్క వేశాను. వయసుకు 110, డిగ్రీకి 120. మిగతాదంతా ఇంగ్లిష్ మీదే ఉంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్‌కు 8 బ్యాండ్, మిగతా మూడు (రీడింగ్, రైటింగ్, స్పీకింగ్) 7 చొప్పున వస్తే మొత్తం 429 అవుతుంది. అదే ఒక్కోదాంట్లో అర బ్యాండ్ తగ్గితే 360కి పడిపోతాడు. ఎందుకంటే ఇంగ్లిష్ మార్కు తగ్గితే దాంతో ముడిపడిన చదువు, అనుభవం మార్కులు కూడా సగానికి సగం పోతాయి. పరకాల అబ్బాయి ఒకడికి మూడింట్లో సరిగ్గా వచ్చి రైటింగ్ ఒక్కటి 6.5 దగ్గర ఆగింది, ఆ అర బ్యాండ్‌కే 45 మార్కులు పోయాయి. నా ముందు కూర్చుని స్కోర్ కార్డు తిప్పి తిప్పి చూసుకున్నాడు పాపం. మళ్లీ రాస్తే 7 వచ్చింది. పరీక్ష ఫీజు 18 వేల దాకా ఉంటుంది, ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

కానీ దాచకుండా చెప్తాను, 429 కూడా సరిపోదు. 2025లో కెనడాలో అనుభవం ఉన్నవాళ్ల డ్రాలే 500 పైన ఆగాయి. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా తీసే డ్రాలు మాత్రం చాలాసార్లు 400 చుట్టుపక్కలే ఆగాయి. లేదా ఏదైనా ప్రావిన్స్, అంటే అక్కడి రాష్ట్రం, నామినేట్ చేస్తే 600 కలుస్తాయి, కాకపోతే ఆ నామినేషన్లలో చాలావాటికి అక్కడి ఉద్యోగమో చదువో ఉండాలి. మీవాడికి ఓపిక ఉంటే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూనే ఫ్రెంచ్ నేర్చుకోవడం నాకు మేలనిపిస్తోంది. రెండేళ్ల పని, తేలిక కాదు. ఇటు 30 నిండితే వయసు మార్కులు ఏటా ఐదారు తగ్గుతాయి కాబట్టి మొదలుపెట్టేదుంటే ఇప్పుడే పెట్టాలి.

దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. లెటర్‌లో హోదా, చేసిన పని, వారానికి ఎన్ని గంటలు, జీతం, తేదీలు అన్నీ ఉండాలి, అనుమానం వస్తే ఆఫీసర్ కంపెనీని అడగొచ్చు. అబద్ధమని తేలితే ఐదేళ్లు కెనడా తలుపు మూసుకుంటుంది. నిషేధం పడేది మీ అబ్బాయి పేరు మీద, కన్సల్టెన్సీ పేరు మీద కాదు. అయినా ఆ ఏడాది ఖాళీ అని ఉన్నదున్నట్టు రాస్తే తప్పేమీ లేదు, మూడేళ్ల అనుభవం ఎలాగూ ఉంది కదా.

మీ రిటైర్‌మెంట్ డబ్బులు వేరే చోట పనికొస్తాయి. అక్కడికి వెళ్లి స్థిరపడే ఖర్చుకని ఒక్కడికైనా 15 వేల కెనడా డాలర్ల పైచిలుకు ఖాతాలో చూపించాలి, అప్పు తెచ్చి చూపిస్తే చెల్లదు, బ్యాంకు లెటర్‌లో గత ఆరు నెలల సగటు నిల్వ కూడా అడుగుతారు. తండ్రిగా మీరు గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వొచ్చు. ఆరు లక్షలు వాళ్ల చేతిలో పెడితే ఈ డబ్బుకే కొరత పడుతుంది.

ఎవరి సాయమైనా కావాలనుకుంటే వాళ్ల లైసెన్స్ నంబర్ అడగండి. కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉందో లేదో తెలిసిపోతుంది. నంబర్ అడగ్గానే మాట మారిస్తే లేచి వచ్చేయండి. ముందు మీవాడిని యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు పంపి ట్రాన్‌స్క్రిప్ట్‌లకు అప్లై చేయించండి, ఇక్కడి డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే మదింపుకు అవే కావాలి, అవి రావడానికే టైం పడుతుంది. ఐఈఎల్‌టీఎస్ స్కోరు వచ్చాక నాకు మళ్లీ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.