నా ముచ్చటెక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వంటల వ్యాసాలు రెండుసార్లు చదివాను. బగారా బైంగన్ అనే వంకాయ కూర దగ్గర ఆగిపోయాను. నువ్వులు వేయించడం గురించి రాసిన ఆ నాలుగు వాక్యాలు నీవి కావు, ఏదో పుస్తకంలోవి కదా? నీ రాత నాకు తెలుసు కాబట్టే పట్టుకోగలిగాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం వంటకాన్ని ఎవరి సొత్తుగానూ చూడదు. పల్లీలు ఎన్ని, చింతపండు ఎంత అన్నది ఎవరైనా రాసుకోవచ్చు. దాన్ని వివరించిన మాటలు మాత్రం రాసినవాళ్లవే, ఫొటో తీసినవాళ్లదే. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఆ రాతకు హక్కుంటుంది. మాటలు అటూ ఇటూ మార్చినంత మాత్రాన నీదైపోదు. అన్నట్టు, 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని భయపడి ఆ వ్యాసం ఆపకు. అది ఆ పేరుతో సాగే వ్యాపారానికి సంబంధించింది. ఇంట్లో వండి రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

నాకు బాధ మిగిల్చింది చట్టానికి అందని విషయం. రాయడం మొదలుపెట్టిన కొత్తలో పక్క వాటాలో ఉండే పెద్దమ్మ దగ్గర సర్వపిండి నేర్చుకున్నాను. ఆమెది వరంగల్ వైపు. శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపిన బియ్యప్పిండిని గిన్నె లోపల పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసేది. ఒకటి దించాక వేడి గిన్నెను బోర్లించి నీళ్లు పోసేది. "సల్లారకుండ అద్దితే చేతులు కాల్తయి బిడ్డా" అనేది. ఆ మాటతో సహా ఒక వారపత్రికకు నా పేరుతో పంపాను. అచ్చయ్యాక గర్వంగా ఆమెకే చూపించాను. చదివి, పత్రిక మడిచి నా చేతిలో పెట్టి, "నా ముచ్చటెక్కడా లేదు గదా బిడ్డా" అంది. మరునాడు ఎప్పట్లాగే సర్వపిండి పంపింది. నాకు ముద్ద దిగలేదు. ఆమె ఉండగా ఆ పేరు అచ్చులో చూపించలేకపోయాను.

నీ పచ్చిపులుసు వ్యాసంలో "మా మేనత్త చేసేది" అని ఉంది. ఆవిడకు ఫోన్ చేసి చదివి వినిపించు. పేరు వేయమంటే వెయ్యి, వద్దంటే వరసతోనే ఉంచు. వంకాయ సంగతి వేరు. ఆ పుస్తకంలోని వాక్యాలు యథాతథంగా కావాలంటే పేరు వేస్తే సరిపోదు, అనుమతి అడగాలి. లేదంటే ఈ ఆదివారం మెహిదీపట్నం రైతుబజార్ నుంచి చిన్న వంకాయలు తెచ్చి నువ్వే వండు. నీ కడాయిలో నువ్వులు ఎప్పుడు రంగు తిరిగాయో చూసి రాయి. ఆ కాగితం నాకు పంపు.