తాగుడు రక్తంలోనే ఉంటుందా? మీ చెల్లి సంబంధం గురించి

"అబ్బాయి మంచివాడే, కానీ వాళ్ళ నాన్న తాగి తాగి పోయారు, ఆ రక్తమే కదా అని పెద్దమ్మ వద్దంటోంది" అని రాశారు కదండీ.

కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో తాగుడు వ్యసనంలో వంశపారంపర్య వాటా దాదాపు 50 శాతం అని తేలింది. ఇక్కడే అందరూ పొరబడేది. ఈ అబ్బాయి తాగుబోతు అయ్యే అవకాశం సగం అని దానర్థం కాదు. జనంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో సుమారు సగం జన్యువుల వల్ల అని. అదీ ఒక్క జన్యువు కాదు, ఎన్నో కలిసి తలా కాస్త. అందుకే మీ బావగారు చెప్పిన జెనెటిక్ టెస్ట్ డబ్బు దండగ. అయినా పెళ్ళిచూపుల్లో ఉమ్మి శాంపిల్ అడగడం ఏం మర్యాదండీ?

రిస్క్ మామూలు కంటే ఎక్కువే, దాచను. కానీ చుక్క ముట్టనివాణ్ణి ఆ జన్యువులు తాగుబోతును చేయలేవు. తండ్రిని చూసి సీసా జోలికే పోని కొడుకులు మన వీధుల్లోనే బోలెడు.

అబ్బాయినే సూటిగా అడగండి: మొదట ఏ వయసులో తాగాడు, ఇప్పుడు వారానికి ఎన్నిసార్లు, టెన్షన్ వస్తే ఏం చేస్తాడు. పదిహేనేళ్ళకే మొదలుపెట్టి ఉంటే, జవాబు నాన్చితే, అప్పుడు ఆలోచించండి. అడిగేది మాత్రం మీ చెల్లెలే అడగాలి, పెద్దమ్మ కాదు.