నార్డ్‌ష్లైఫె మీద మొదటిసారి కారు నడపబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో ఆఖెన్ నుంచి జర్మనీలోనే ఉన్న నూర్‌బుర్గ్‌రింగ్ కారు పందేల ట్రాకుకు వెళ్లి, అక్కడి పాత, పొడవైన దారి నార్డ్‌ష్లైఫె మీద కారు నడపాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి ఆ దారి మీద నడిపినవాడిగా నేను వద్దనను. కానీ కారు గురించి ఆలోచించే ముందు ఆ దారి గురించి తెలుసుకో, ఎందుకంటే అక్కడ కంటికి కనిపించేదాన్ని నమ్ముకుని నడపడం కుదరదు. రాబోయే మలుపు ముందే మనసులో ఉండాలి.

1925లో, జర్మనీలో బాగా వెనుకబడిన ఐఫెల్ కొండ ప్రాంతంలో, పని లేనివారికి ఉపాధి చూపడం కూడా ఒక ఉద్దేశంగా దీని నిర్మాణం మొదలుపెట్టి 1927లో ప్రారంభించారు. నేటి ట్రాకుల్లా నేలను చదును చేసి గీసిన దారి కాదిది. కొండ ఎక్కితే ఎక్కుతుంది, లోయలోకి దిగితే దిగుతుంది. పొడవు 20.8 కిలోమీటర్లు, లెక్కకు 73 మలుపులు, అన్నిటికంటే ఎత్తైన చోటికీ పల్లమైన చోటికీ తేడా దాదాపు 300 మీటర్లు. ఒక కొసన వాన కురుస్తుంటే మరో కొసన ఎండ కాయడం అక్కడ మామూలే కాబట్టి, బయలుదేరిన చోట రోడ్డు పొడిగా ఉందని చుట్టంతా అలాగే ఉంటుందనుకోకు.

ఆ మలుపుల్లో చాలా వాటికి అవతల ఏముందో దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. ఫ్లూగ్‌ప్లాట్స్ అనే చోట మిట్ట ఎక్కగానే కారు తేలికైపోయి టైర్ల పట్టు తగ్గుతుంది, కుడి మలుపు మాత్రం వెంటనే వచ్చేస్తుంది. ఫుక్స్‌రోరె నిటారుగా దిగి, అడుగున కారును నేలకేసి అదిమి, మళ్లీ పైకి లేస్తుంది. ఆ వేగంలోనే మిట్ట వెనక దాక్కున్న ఆడెనావర్ ఫోర్స్ట్ ఎదురవుతుంది. కొత్తవాళ్లు గడ్డిలోకి దూసుకుపోయేది ఎక్కువగా అక్కడే. కారుసెల్ మరో రకం: లోపలి అంచున ఏటవాలుగా వేసిన కాంక్రీటు పలకల్లోకి కారును దింపి తిప్పాలి, అది కుదిపేసే తీరుకు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోవాలి. ఈ పేర్లన్నీ వరసగా నోటికి వచ్చేదాకా వీడియోలు చూడు, సిమ్యులేటర్ మీద నడుపు. అయితే ఎత్తుపల్లాలు తెర మీద నిజమైనంతగా తెలియవు, అందుకే అక్కడ నేర్చుకున్న వేగాన్ని మాత్రం రోడ్డు మీదికి తీసుకెళ్లకు.

ఈ దారి ఎంత పొడవో అంత ప్రమాదం కూడా. 1976 ఆగస్టు 1న ఇక్కడ జరిగిన ఫార్ములా వన్ పందెంలో, బెర్గ్‌వెర్క్ అనే మలుపుకు కాస్త ముందు డ్రైవర్ నికీ లౌడా కారు అదుపు తప్పి మంటల్లో చిక్కుకున్నప్పుడు, ఆయనను బయటికి లాగింది సహాయక సిబ్బంది కాదు, వెనక వస్తున్న తోటి డ్రైవర్లు. ఇంత పొడవైన ట్రాకుకు తగిన రక్షణ ఏర్పాట్లు లేవని, ఆ పందెం జరపవద్దని ఆయనే ముందుగా వాదించారు. ఆ తరువాత ఫార్ములా వన్ ఈ పాత దారికి తిరిగి రాలేదు. పక్కనే కొత్తగా కట్టిన చిన్న ట్రాకును 1984లో ప్రారంభించారు.

అందరికీ తెరిచి ఉంచే వేళల్లో అది పందెపు ట్రాకు కాదు, టికెట్టు తీసుకుని వెళ్లే వన్‌వే రోడ్డు; జర్మనీ రోడ్డు నియమాలే వర్తిస్తాయి. కుడివైపే ఉండు, ఎడమవైపు నుంచే దాటాలి. ముందుకు చూసినంతగా అద్దాల్లోకీ చూస్తూ, వేగంగా వచ్చేవాళ్లు కనిపిస్తే కుడి ఇండికేటర్ వేసి దారి ఇవ్వు. చుట్టు ఎంతసేపట్లో పూర్తయిందో సమయం లెక్కపెట్టడం నిషిద్ధం, నీకు అవసరమూ లేదు. బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతాయి కాబట్టి ఒక చుట్టు తరువాత కారును చల్లారనివ్వు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది బీమా గురించి. మామూలు అద్దె కార్ల ఒప్పందాలు సాధారణంగా అక్కడ నడపడాన్ని నిషేధిస్తాయి. రోడ్డు అంచున ఉండే ఇనుప కంచె (గార్డ్‌రైల్) దెబ్బతింటే దాని ఖర్చు కూడా నీ మీదే పడుతుంది. నూర్‌బుర్గ్ ఊళ్లో ఆ దారి కోసమే కార్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గరే తీసుకో. సంతకం చేసే ముందు ఆ ఒప్పందం నాకు పంపు, నష్టం వస్తే నీ వాటా ఎంతో ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మామయ్య